పులస వేట

మా కోనసీమలో చేపలు పట్టుటను వేట యందురు. "మా వాడు వేటకు పోయినాడు" అని మలికిపురము సంతలో ఒక యిల్లాలు చెప్పినచో, వినువారు అడవిని గాని విల్లమ్ములను గాని తలపరు. అంతర్వేది వైపు పోయిన పడవను తలతురు. ప్రభుత్వమువారు ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు సముద్రముపై విధించు విరామమునకు సహితము వేట నిషేధమనియే పేరు. ఈ మాట వట్టి యలవాటు కాదని నా యభిప్రాయము. సేద్యగాడు తాను విత్తినదానిని కోయును. వేటగాడు తాను విత్తనిదానిని కోయును. విత్తనిదానిని కోయునప్పుడు, అది మఱల మొలచుటకు పూచీ యెవరిదని యెవరో యొకరు అడుగవలసియుండును. మన పులస విషయమున ఈ ప్రశ్న 150 సంవత్సరముల క్రిందటనే యడుగబడినది. దానికి మన మిచ్చిన ప్రత్యుత్తరమును, ఇయ్యని ప్రత్యుత్తరమును చెప్పుటయే యీ వ్యాసమున నా పని. శాకాహారులగు చదువరులు వంటకమును గూర్చిన రెండు మూడు వాక్యములను దాటి చదువుదురు గాక.

పులస నదిలో పుట్టి సముద్రమున పెరుగు చేప. సముద్రమున నున్నంతకాలము దీనిని ఇలస యందురు. ఆషాఢము కడపట గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చి, వసిష్ఠ, వైనతేయ, గౌతమీ ముఖములయందు వరద ఉప్పునీటిని వెనుకకు నెట్టినప్పుడు, ఆ తీపినీటి జాడ పట్టుకొని యీ చేప గుంపులుగా నదిలో ప్రవేశించి ప్రవాహమునకు ఎదురీదును. ఎదురీదినకొలది దాని యుప్పు తఱిగి రుచి హెచ్చునని మనవారి యనుభవము. అప్పుడు గాని దానికి పులస యను పేరు రాదు. శ్రావణ భాద్రపదములు ముఖ్యకాలము. ఆశ్వయుజమున శరత్తు ప్రవేశించి నీరు తేఱునప్పటికి వేట ముగియును. వంగదేశీయుల ఇలిష్, ఓఢ్రుల ఇలిషి, అరవల ఉల్లము, సింధుదేశీయుల పల్లా, అన్నియు ఈ చేపయే. సింధీలు ఇష్టదైవముగా కొలుచు ఝూలేలాలును పల్లా చేప యాసనముగా గలవానినిగా చిత్రింతురు. 1822లో గంగానది చేపలను గూర్చి గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ హామిల్టను దీని శాస్త్రనామమునందు కూడ ఆ ఇలిష శబ్దమునే నిలిపెను.

ఇంత శ్రమపడి యది పైకి పోవుట మన పులుసుకుండ కొఱకు కాదు. గ్రుడ్లు పెట్టుట కొఱకు. ఒక్కొక్క ఆడుచేప కడుపున లక్షలకొలది గ్రుడ్లుండును; పెద్దదాని కడుపున 10 లక్షలకు మించియు నుండును. పొదిగిన పిల్లలు కొన్ని నెలలు నదిలోనే పెరిగి, పిదప సముద్రమునకు దిగి, ఈడు వచ్చిన తరువాత మఱల నదికే వచ్చును. కావున గోదావరిలో మనకు చిక్కు పులసలలో అధికభాగము ప్రసవమునకు పుట్టింటికి పోవు ఆడుబిడ్డల వంటివి. మనవారు జన పులసయని యెక్కువ వెలయిచ్చి కోరుకొనునదియు నట్టిదానినే. ఈ సంగతి మా యిండ్లలో తెలియనివారు లేరు. తెలిసినను, పొయ్యిమీద కుండ యెక్కిన పిమ్మట జ్ఞాపకముంచుకొనువారు తక్కువ.

ఆ కుండను గూర్చియు చెప్పవలెను. పులసను మట్టికుండలో, కట్టెల పొయ్యిమీద, సన్నని సెగను, చింతపండు పులుసులో బెండకాయలు, పచ్చిమిరపకాయలు వేసి గంటలకొలది ఉడికింతురు. దించునప్పుడు వెన్న వేయువారు కొందఱు, ఆవకాయ తేట వేయువారు కొందఱు. ఆనాడు తినక మఱునాటికి ఉంచుట పెద్దల మర్యాద. ముండ్లు మెండు గనుక పిల్లలకు తల్లి ఒలిచి పెట్టవలయును. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత యెఱుగని వారు మన జిల్లాలో లేరు. ఈ సామెతను పురుషులు నవ్వుచు చెప్పుదురు. అమ్మవలసిన పుస్తెలు ఎవరి మెడలోనివో ఆమెను ఎవరును అడిగినట్లు కనబడదు.

పూర్వపు వేట యిట్టిది. చిన్న పడవ, అందిద్దఱు మనుష్యులు, చెక్కరసములో నానవేసిన నూలువల. వరద మిక్కుటమైనప్పుడు పడవ నిలువదు; నూలువల నానినకొలది బరువెక్కును, ఎండబెట్టనిదే కుళ్ళును. కాబట్టి వేటవారు తమకు తామే కొన్ని దినములు మానవలసివచ్చెడిది. పట్టినదానిని దూరమునకు పంపుటకు మంచుగడ్డ లేదు. ఆనాటి చేప ఆనాడే చుట్టుప్రక్కల గ్రామములలో చెల్లిపోవలెను. మా యింటి పాత పద్దుపుస్తకములలో ఉప్పునకు, కిరసనాయిలునకు, రేవు పడవకూలికి పద్దులు కలవు గాని పులసకు లేదు. అది కొనినది కాదు. వేటవారి యిల్లాలు తట్టలో తెచ్చి యిచ్చి, కొబ్బరికాయలో వడ్లో కొంగున గట్టుకొని పోయెడిదని మా నాయనమ్మ చెప్పెడిది. ఆ కాలము వారు మనకంటె ధర్మాత్ములని నేననను. వారి చేతిలోని పనిముట్టు బలహీనము. ఆ బలహీనతయే చేపకు రక్షయయ్యెను.

ఇక ఆనకట్ట సంగతి. 1832–33 నాటి నందన కఱవులో ఈ తీరమున జనులు పడిన యవస్థ చదువరులు వినియేయుందురు. నది నిండుగా పాఱుచుండగా దాని ప్రక్కనే పంటలెండి ప్రజ నశించుట చూచిన యింజనీరు ఆర్థరు కాటను, ధవళేశ్వరము వద్ద నదికడ్డముగా ఆనకట్ట కట్టవలెనని వాదించి, 1847లో పని మొదలిడి 1852లో ముగించెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అని నాలుగు ఖండములుగా ఆ గోడ నది నాలుగు పాయలను నిలిపెను. ఆ పనిలో కాటనునకు కుడిభుజమై నిలిచిన తెలుగువాడు వీణెం వీరన్న. తరువాత గన్నవరము వద్ద వైనతేయపాయ మీదుగా కాలువను దాటించు వంతెన కట్టి, ఆ నీటిని మా రాజోలు దీవికి తెచ్చిరి. నేడు ఆ తావున నున్న క్రొత్త అక్విడక్టు, అడిగినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారి పేర నున్నది. మలికిపురమున నేడు పండు వరియు, మా దొడ్లలోని కొబ్బరియు, ఈ వ్యాసము వ్రాయుటకు నాకు గలిగిన తీరికయు ఆ గోడ పెట్టిన భిక్షయే. ఇది మఱచి ఆనకట్టను నిందించుట కృతఘ్నత యగును. నేను నిందింపను.

కాని గోడ గోడయే. సుమారు 12 అడుగుల యెత్తున నది యడుగునుండి లేచిన రాతికట్టు చేపకు త్రోవ విడుచునది కాదు. వరద దానిపై నిండుగ పొర్లునప్పుడు బలముగల చేపలు దాటవచ్చును. నీరు తీసినప్పుడు వచ్చినవి గోడ క్రింది మడుగులలో గుంపుగూడి నిలువవలసినదే. నిలిచిన చేపను పట్టుటకు నేర్పు అక్కఱలేదు. అంతవఱకు నది పొడవున చెదరియున్న వేట, నాటినుండి ధవళేశ్వరమునకును సముద్రమునకును నడుమ ఇఱుకుపడెను. గోదావరి పులసయని మనము గొప్పగా చెప్పుకొను ఈ రెండు మూడు తాలూకాల కీర్తిలో కొంతభాగము, చేపకు పై త్రోవ మూతపడుటవలన మనకు దక్కినదని నాకు తోచును.

అడుగబడిన ప్రశ్న యిక్కడిదే. మద్రాసు సైన్యమున వైద్యుడుగానుండి, పిమ్మట భారతదేశ మత్స్యవిషయముల తనిఖీ యధికారియైన ఫ్రాన్సిస్ డే, దేశమంతటను గల కలెక్టరులకు, తహసీలుదారులకు ప్రశ్నలు పంపి, వారి ప్రత్యుత్తరములను జేర్చి 1873లో మంచినీటి చేపలను గూర్చి నివేదిక ప్రకటించెను. నదుల కడ్డముగా కట్టిన ఆనకట్టలు గ్రుడ్లు పెట్టుటకు పోవు చేపలను ఆపుచున్నవనియు, వాని క్రింద చేరిన చేపలను విచ్చలవిడిగా పట్టుచున్నారనియు, పిల్లచేపలను సన్నకన్నుల వలలు ఊడ్చివేయుచున్నవనియు ఆతని మొఱ. చేపలు దాటుటకు త్రోవలు విడువవలెననియు, వలకన్నునకు కొలత యుండవలెననియు ఆతడు కోరెను. దీనికి ఫలముగా 24 సంవత్సరములకు, 1897లో, భారత మత్స్యచట్టము వచ్చెను. అది మందుగుండుతోను విషముతోను చేపలను చంపుటను నిషేధించెను. వలకన్ను కొలతను, కదలని మాటులను గూర్చి నిబంధనలు చేయు నధికారమును స్థానిక ప్రభుత్వములకిచ్చెను. చేయవచ్చునని యిచ్చినదే గాని చేయవలెనని చెప్పలేదు. చట్టములలో ఈ రెండు క్రియాపదములకు గల భేదమును నదులు బాగుగ ఎఱుగును.

మద్రాసు రాజధానిలో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ పూనికతో మత్స్యశాఖ యేర్పడిన తొలిదినములలోనే, కావేరి శాఖయగు కొల్లిడము ఆనకట్టవద్ద ఉల్లము గ్రుడ్లను చేతితో ఫలింపజేసి పొదిగించు ప్రయత్నము జరిగెను. అనగా త్రోవ మూసిన దోషము అధికారులకు తెలిసియేయున్నది. తెలిసియు కావేరిపై మేట్టూరు ఆనకట్ట 1934లో పూర్తియయ్యెను; కావేరి ఉల్లము క్రమముగ పేరునకు మాత్రము మిగిలెను. సింధునదిలో ఒకప్పుడు ముల్తాను వఱకు పోయిన పల్లాకు 1932లో సుక్కూరు బారేజి, 1955లో దానికి దిగువను కొట్రి బారేజి అడ్డుపడెను. గంగలో అలహాబాదునకును దాని పైకిని పోయిన ఇలిష్‌కు 1975లో ఫరక్కా అడ్డుపడెను. మన ధవళేశ్వరమున పాత యానకట్ట స్థానమున 175 తలుపులతో కాటను పేర క్రొత్త బారేజి 1982 నాటికి పూర్తియయ్యెను. ఒకే చేప, నాలుగు నదులు, ఒకే కథ.

అయినను ఆనకట్ట కట్టిన 100 సంవత్సరముల తరువాతను పులస వచ్చుచునేయుండెను. గోడ క్రింది నదిలోనే గ్రుడ్లు పెట్టి, తఱిగియు తెగక నిలిచెను. దానిని నేటి స్థితికి తెచ్చినది గోడ యొక్కటియే కాదు. స్వాతంత్ర్యము వచ్చిన పిదప రెండు మూడు దశాబ్దములలో నూలు పోయి నైలాను వచ్చెను. నైలానువల నానదు, కుళ్ళదు, చేపకంటికి కనబడదు, విశ్రాంతి కోరదు. తెడ్డు పోయి యంత్రము వచ్చెను. మంచుగడ్డ వచ్చెను, దానితో హైదరాబాదు దగ్గఱయయ్యెను. సముద్రముపై వేట విరామము జూను 14తో ముగియును. పులస నదీముఖమునకు చేరుట ఆ తరువాతనే. తక్కిన చేపలకు విశ్రాంతి యిచ్చిన యా విరామము, పులస వాకిట నిలుచునప్పటికి ముగిసియే యుండును. నదిలోనికి వచ్చునప్పుడు ఒక వల, పైకి పోవునప్పుడు ఒక వల, మిగిలి గ్రుడ్లు పెట్టినచో దిగివచ్చు పిల్లలకు సన్నకన్నుల వల.

తఱుగుదలను మనము దేనితో కొలిచితిమి? వెలతో కొలిచితిమి. ఇటీవలి సంవత్సరములలో యానాము వేలములో ఒక్క పులస 20,000 రూపాయలకు పైబడి పలికెనని పత్రికలు వ్రాసినవి, ఛాయాచిత్రములును వేసినవి. ఆ వార్తను ఒక పండుగవలె చదివితిమి. చదువరులారా, ఒక యూరిలో బియ్యము వెల అట్లు పెరిగినచో దానిని కఱవందుము. పులస వెల పెరిగినచో దానిని వైభవమందుము.

ఈ సందర్భమున దూరదేశపు వేట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఉత్తర అమెరికాలోను, ఐరోపా యుత్తరభాగమునను మూస్ అను పేరుగల మహాకాయపు దుప్పి కలదు. శరత్తున దానిని వేటాడుట అచ్చటి కుటుంబములకు తాతలనాటి యాచారము. ఒక్క జంతువు మాంసము శీతకాలమంతయు ఇంటికి సరిపోవును. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రపు ఈశాన్యభాగమున ఏటేట శీతకాలమున, మంచుపై నల్లగ కనబడునప్పుడు, ఆకాశమునుండి వీనిని లెక్కింతురు. 2006లో సుమారు 8,800 ఉండెనని తేలినవి 2013 నాటికి సుమారు 2,760కి పడిపోయెను. ఆ యేడే ప్రభుత్వము శరత్కాలపు వేటను ఆపివేసెను. తఱుగుటకు ముఖ్యకారణము తుపాకి కాదని వారికి తెలియును. వేడి పెరుగుట, పిడుదులు, ఇతర జింకలనుండి సోకు మెదడుపురుగు, తోడేళ్ళు అని కారణములు పెక్కు చెప్పుదురు. వేడిని ఆపుట తమ చేతిలో లేదు గనుక, తమ చేతిలోనున్న తుపాకిని దించిరి. అక్కడను నష్టపడినవాడు నేరము తక్కువగల వేటగాడే. కాని వారు ముందు లెక్కపెట్టిరి. మన గోదావరి పులసను గూర్చియు 1949లో చాకో, గణపతి యను పండితులును, 1962లో పిళ్ళె, వీరభద్రరావు అను పండితులును పరిశోధనపత్రములు ప్రకటించిరి. ఆ పత్రములెవరి యిండ్లలోనైనను మాటకు వచ్చినవా? మా యిండ్లలో సామెత మాత్రమే వచ్చినది.

ఇట్లు చెప్పునప్పుడు కొందఱు వెంటనే వేటవారిపై వ్రేలు చూపుదురు. ఇది న్యాయము కాదు. మా తీరమున అగ్నికుల క్షత్రియులు మున్నగు వేటకులములవారికి భూమి లేదు. నదియే వారి మాన్యము. ఆనకట్టవలన మాకు మూడుపంటలు వచ్చినవి. వారికి త్రోవ మూతపడిన నది వచ్చినది. సీజనుకు ముందు వలకు, పడవకు అప్పిచ్చినవాడు చేపను తన వెలకే తీసికొనును. వేలపు పాట వార్తలో ఎక్కును గాని పడవవాని వాటా ఎక్కదు. ఇట్టివానిని నీవు పట్టకుమనుటకు ముందు, పట్టనినాడు నీ బిడ్డలేమి తిందురని యడుగుట మన ధర్మము.

మన యిండ్లను గూర్చి చెప్పుట నాకు కష్టమైనను చెప్పవలసియున్నది. క్రొత్తయల్లునికి పులస పెట్టనిచో మర్యాద తక్కువయనుట, పని కావలసిన యధికారికి మంచుపెట్టెలో పులస పంపుట, వియ్యపురాలి యింటికి జన పులసయే పోవలెనని పట్టుపట్టుట, ఇవి మా తాతలనాటి యాచారములు కావు, మంచుగడ్డతో వచ్చినవి. ఈ మర్యాద కొఱకు ఒడిస్సానుండియు వంగమునుండియు పెట్టెలలో వచ్చిన చేపను పులసయని కొని, పులసయని వండి, పులసయని మెచ్చుకొనుచున్నారు. ఇది తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చినది. ఆలోచించినచో, రుచికంటె పేరునే తినుచున్న వారికి ఆ పేరును ఒకటి రెండేండ్లు విడుచుట కష్టము కాగూడదు. మా యింటి స్త్రీలు మూడేండ్ల క్రిందట భాద్రపదమున జన పులస కొనమని నిర్ణయించిరి. బంధువులలో ఒకరు లోభమనిరి, ఒకరు జైనమతమనిరి. మానలేదు.

ఒక యింటి నిర్ణయము నదిని నింపదు. రాజ్యము పూనుకొన్నచో నేమగునో బంగ్లాదేశము చూపినది. ఈ శతాబ్ది మొదట అక్కడ ఇలిష్ పట్టుబడి ఏటికి 2 లక్షల టన్నులకు దిగెను. అంతట వారు పిల్లచేపలను పట్టుట నిషేధించిరి. నదులలో కొన్ని మేరలను అభయస్థలములుగ ఏర్పఱచిరి. గ్రుడ్లు పెట్టు ఆశ్వయుజ పున్నమికి ముందు వెనుకల వేటను పూర్తిగా ఆపిరి. ఆ విరామము 2016 నుండి 22 దినములు. ముఖ్యమైన దేమనగా, పిల్లచేపల నిషేధకాలమున వేటవారి కుటుంబమునకు నెలకు 40 కిలోల బియ్యము ఇచ్చిరి. 2017–18 నాటికి పట్టుబడి 5 లక్షల టన్నులు దాటెను. ఇటీవల మఱల కొంత తఱుగుచున్నదని వార్త. దొంగవేట, బియ్యము అందఱికి అందకపోవుట అక్కడను కలవు. అయినను నిషేధముతో బియ్యమును జేర్చిన యాలోచన మనము నేర్వదగినది. మన సముద్రవిరామమునకు ప్రభుత్వమువారు వేటవారికి భృతి యిచ్చుచునేయున్నారు. ఆ పద్ధతినే నదీముఖమునకు, శ్రావణ భాద్రపదములలో కొన్ని వారములకు విస్తరింపజేయుట అసాధ్యము కాదు. అంతర్వేది, నరసాపురము, యానాము రేవులలో దిగిన ప్రతి పులసను, బరువును, జన కలదో లేదో వ్రాయుటకు ఒక పుస్తకమును, ఒక గుమాస్తాయును చాలును. వేలము పాడువారు వెలను మాత్రము తప్పక వ్రాయుచున్నారు గదా.

పైని పోలవరమువద్ద కట్టుచున్న ప్రాజెక్టు స్పిల్వేలో, ముఖ్యముగ పులస నుద్దేశించి, చేపలు ఎక్కుటకు నిచ్చెన నేర్పఱచిరి. ఫ్రాన్సిస్ డే కోరిన త్రోవ యిట్లు ఒకచోట లభించినది. ఆ నిచ్చెన మొదటి మెట్టునకు చేరవలసిన చేప, అంతర్వేది ముఖమున జూను 15 నుండి కాచియున్న వలలను, నరసాపురమునుండి సిద్ధాంతము వఱకు నదిలో నిలిచిన వలలను, ధవళేశ్వరపు 175 తలుపులను దాటి, జనతో రావలయును.